అసెంబుల్డ్ కంప్యూటర్ బిల్లు మీద భాగాల పూర్తి పేర్లు ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ దుకాణాలకు గిరాకీ వస్తుంది. ల్యాప్‌టాప్‌కి యాభై అరవై వేలు పెట్టలేని ఇళ్లలో పిల్లలు విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే డెస్క్‌టాప్ బిగించుకుందామనుకుంటారు. ఆలోచన మంచిదే. పాడైన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, రెండేళ్లు పోయాక ర్యామ్ పెంచుకోవచ్చు, లోపల ఏముందో పిల్లవాడికి తెలుస్తుంది. కానీ తక్కువ బడ్జెట్‌లో బిగించినవి చాలా ఆన్ కాకుండా, లేదా ఆన్ అయి ఆర్నెల్లకే ఆగిపోయి మూలన పడుతున్నాయి. ఇంట్లో వాళ్లు 'మావాడికి బిగించడం రాలేదు' అనుకుంటారు. చాలాసార్లు స్క్రూడ్రైవర్ చేతికి రాకముందే, దుకాణంలో బిల్లు రాసేటప్పుడే పని చెడిపోయి ఉంటుంది. 'ఐ5 ప్రాసెసర్, మదర్‌బోర్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ' అని రాసిస్తారు. ఆ అయిదింటిలో ఒక్కదానికీ పూర్తి పేరు ఉండదు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతాను. 'ఐ7 కంప్యూటర్, 15 వేలే' అని అమ్మేవాటిలో చాలావరకు ఐ7 2600 లాంటి రెండో తరం ప్రాసెసర్లు. అది 2011లో వచ్చింది. దానికి జతగా ఆ కాలపు రకమే అయిన హెచ్61 మదర్‌బోర్డు ఇస్తారు. బోర్డు కొత్త పెట్టెలో, కొత్త సీలుతో వస్తుంది కాబట్టి కొనేవాళ్లు అంతా కొత్తదే అనుకుంటారు. 2022లో వచ్చిన ఐ3 12100కి కూడా కోర్లు (లెక్కలు చేసే భాగాలు) నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఎనిమిదే. అయినా ఒక్కో కోర్ పనితనంలో ఆ పాత ఐ7 కంటే దాదాపు రెట్టింపు. అంటే ఐ3, ఐ5, ఐ7 అన్న ముక్కతో ఏమీ తెలియదు, వెనక ఉన్న అంకెలు చూడాలి. పాత పద్ధతి ఇంటెల్ పేర్లలో నాలుగంకెలుంటే మొదటి అంకె తరం, అయిదంకెలుంటే మొదటి రెండు అంకెలు తరం. 3470 మూడో తరం, 12100 పన్నెండో తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అనుమతి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. హెచ్61 బోర్డు మీద దాన్ని అడ్డదారిలో ఎక్కించవచ్చు కానీ, ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న భరోసా లేదు. ఇదంతా చెప్పి, 'పాతది, అందుకే ఈ ధర' అని అమ్మితే తప్పేమీ లేదు. టైపింగుకీ, టాలీ లెక్కలకీ అది చాలు. బీటెక్ పిల్లవాడికి కొత్తదని చెప్పి అంటగట్టడమే మోసం.

రెండో చిక్కు గ్రాఫిక్స్, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగం, లేని ప్రాసెసర్లు. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. 12100ఎఫ్, 12400ఎఫ్ అలాంటివే. ఏఎండీలో రైజెన్ 5 5500, 5600లకు గ్రాఫిక్స్ లేదు, 5600జి, 5600జీటీలకు ఉంది. ధరలో వెయ్యి, రెండు వేలు తేడా కనబడి ఎఫ్ రకం కొంటారు. ఇంటికొచ్చి బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐకి కేబుల్ పెడితే తెర నల్లగానే ఉంటుంది. బోర్డు పోయిందని, ర్యామ్ పోయిందని తిరుగుతారు. ఏదీ పోలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి, లేదంటే ప్రాసెసర్ మార్చుకోవాలి. పెట్టె తెరిచిన ప్రాసెసర్‌ని వెనక్కి తీసుకునే దుకాణాలు అరుదు.

మూడోది బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే చిన్న సాఫ్ట్‌వేర్. ఏఎండీ ప్రాసెసర్లు దిగే ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పాత నిల్వలో ఉండిపోయిన బీ450 రకం బోర్డులో రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్ పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర రాదు. బయోస్ కొత్త వెర్షన్‌కి మార్చాలి. మార్చాలంటే ముందు బోర్డు ఆన్ కావాలి, ఆన్ కావాలంటే పాత ప్రాసెసర్ కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అయితే ఎవరో ఒకరు పాత ప్రాసెసర్ పెట్టి మార్చిస్తారు. మారుమూల ఊరిలో పిల్లవాడు దాన్ని ఎక్కడ దొరకబుచ్చుకుంటాడు? బోర్డు వెనక 'ఫ్లాష్‌బ్యాక్' బొత్తం ఉంటే బతికిపోతాడు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, బయోస్ ఫైలుకి మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, ఆ గుర్తున్న యూఎస్‌బీ రంధ్రంలోనే గుచ్చి బొత్తం నొక్కితే ప్రాసెసర్ లేకుండానే పని అవుతుంది. కానీ తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి ఆ బొత్తం ఉండదు. అమ్మేవాళ్లే కౌంటర్ దగ్గర బయోస్ చూసి ఇస్తే ఈ బాధే లేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటుని భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బా. బడ్జెట్ కంప్యూటర్లో అందరూ కోత పెట్టేది ఇక్కడే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. క్యాబినెట్‌తో పాటు 'ఉచితంగా' వచ్చే 450 వాట్ల డబ్బాని తిప్పి పక్కనున్న లేబుల్ చదవండి. 12 వోల్టుల గీత కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 14 ఆంపియర్లుంటే 168 వాట్లు. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ నడిచేది 12 వోల్టుల మీదే కాబట్టి దాని అసలు సత్తా అంతే. నిజాయతీగా 450 వాట్లు ఇచ్చే దాని మీద 12 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లకు అటూ ఇటుగా ఉంటుంది. 'మా 5600జి పూర్తి బరువులో కూడా 150 వాట్లు దాటదు కదా' అని అడగవచ్చు. నిజమే, దాటదు. చవక డబ్బాలో భయపడాల్సింది వాట్లకన్నా లోపల లేనివాటికి. వోల్టేజీ పెరిగితే, షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోయే రక్షణ ఉండదు. కెపాసిటర్లు వేసవి వేడికి ఉబ్బుతాయి. పోయేటప్పుడు తనతో పాటు బోర్డునీ, ఎస్‌ఎస్‌డీనీ తీసుకుపోతుంది. వెయ్యి, పదిహేను వందలు మిగుల్చుకోబోయి పాతిక వేల సామాను పోగొట్టుకోవడం అక్కడే జరుగుతుంది.

లేబుల్ మీద ఇంకోటి చూడాలి. 48 వోల్టుల లోపు ఇచ్చే విడి ఎస్‌ఎంపీఎస్‌లు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. 'ఆర్' అక్షరం, దాని వెనక ఎనిమిదంకెల నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, ఏ వస్తువుదో చూపిస్తుంది. వేరే కంపెనీ పేరు వచ్చినా, అసలేమీ రాకపోయినా ఆ డబ్బా కొనకండి. నిమిషం పని ఇది. కొనే ముందు చేసేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

దీనికి తోడు మన ఇళ్ల ఎర్తింగ్. కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది చెబుతారు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ గోలని వడకట్టడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బా లోహానికి కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మొత్తం 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కనుక మనిషికి జివ్వుమని ఊరుకుంటుంది. అదే స్థితిలో ఆన్‌లో ఉన్న టీవీకో మానిటర్‌కో హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. మల్టీమీటర్‌తో సాకెట్లో కొలవండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు గుంత తవ్వే పని తప్పించుకోవడానికి సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఒక వైరు ముక్కతో కలిపేస్తారు. జివ్వుమనడం ఆగుతుంది. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే క్యాబినెట్ మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. అది ప్రాణాంతకం. కంప్యూటర్ పెట్టే గదికి సరైన ఎర్త్ గుంత వేయించడం ప్రాసెసర్ ఎంచుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని.

యూపీఎస్ విషయం క్లుప్తంగా. 600 వీఏ అని రాసి ఉన్నదాని సామర్థ్యం సాధారణంగా 360 వాట్లే, లోపల 12 వోల్టులు 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. ఫైలు భద్రపరచి మూసెయ్యడానికి అది చాలు, సినిమా చూడ్డానికి కాదు. లేజర్ ప్రింటర్‌ని దాని మీద పెట్టకండి.

ర్యామ్ ఇప్పుడు పెద్ద తలనొప్పి. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్‌ల తయారీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో ధరలు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. దాంతో బడ్జెట్‌లో ఒకప్పుడు చిన్న వాటా ఉన్న ర్యామ్ ఇప్పుడు ప్రాసెసర్‌తో పోటీపడుతోంది. చాలామంది ఒకే 8 జీబీ కడ్డీతో సరిపెట్టుకుంటున్నారు. లోపలి గ్రాఫిక్స్ మీద నడిచే 5600జి లాంటివాటికి ఇది పెద్ద దెబ్బ. దాని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక కడ్డీ ఉంటే ఒకే దారి, రెండుంటే రెండు దారులు. రెండు 4 జీబీ కడ్డీలు ఒక 8 జీబీ కన్నా ఆటల్లో స్పష్టంగా మెరుగ్గా నడుస్తాయి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు కడ్డీల్ని ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. పక్కపక్కనే పెడితే చాలా బోర్డుల్లో రెండు దారుల లాభం పోతుంది. 3200 వేగం అని కొన్న ర్యామ్ చాలాసార్లు 2133 మీదో 2400 మీదో నడుస్తుంటుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉండేది ఆన్ చేసేదాకా అంతే. డబ్బులు పెట్టి కొన్న వేగాన్ని ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసిన కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. ఇంకో సంగతి, 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు దిగే హెచ్610 బోర్డు పాత ర్యామ్ రకం డీడీఆర్4కీ దొరుకుతుంది, కొత్త రకం డీడీఆర్5కీ దొరుకుతుంది. గాడి వేరు కాబట్టి ఒకదాని కడ్డీ ఇంకొకదానిలో దిగదు. బిల్లు మీద 'హెచ్610' అని మాత్రమే రాస్తే ఏది వచ్చిందో ఇంటికెళ్లాకే తెలుస్తుంది.

ఈ ధరల్లో పాతవి కొనడం తప్పు కాదు. ప్రాసెసర్, ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా కొనవచ్చు, అవి తొందరగా అరగవు. ర్యామ్ అయితే దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రాంని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కనీసం ఒక పూర్తి చుట్టు నడిపి, ఒక్క ఎర్రర్ కూడా రాకపోతేనే డబ్బివ్వండి. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ మాత్రం పాతవి వద్దు. కొత్తదని ఇచ్చిన ఎస్‌ఎస్‌డీని కూడా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి చూడండి. ఆన్‌లో ఉన్న గంటలు వందల్లో కనిపిస్తే అది ఎవరో వాడి వదిలేసింది. పేరూ ఊరూ లేని 1 టీబీ డ్రైవ్ నమ్మలేనంత చవకగా వస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ప్రోగ్రాంతో నిండా రాయించి చదివించండి. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద అంకె చూపించేవి అక్కడ పట్టుబడతాయి.

బిగించడం మొదలుపెట్టేవాళ్లకు ముఖ్యమైన మాట ఒక్కటే. మొదట క్యాబినెట్లో బిగించకండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ కడ్డీ, ఎస్‌ఎంపీఎస్ తగిలించండి. పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. తెర వచ్చిందంటే భాగాలన్నీ మంచివే. తర్వాత క్యాబినెట్లో పెట్టాక రాకపోతే తప్పు క్యాబినెట్ దగ్గరే ఉంది. ఎక్కువసార్లు అది బోర్డుకి రంధ్రం లేని చోట ఉండిపోయిన ఇత్తడి స్టాండాఫ్, అంటే బోర్డుని ఎత్తి పట్టే చిన్న కాలు. అది బోర్డు వెనక సోల్డరింగ్‌కి తగిలి షార్ట్ చేస్తుంది.

12వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు దిగే ఎల్‌జీఏ1700 సాకెట్లో 1700 పిన్నులు బోర్డు సాకెట్లోనే ఉంటాయి. ప్రాసెసర్ చేజారి మూలతో పడితే రెండు మూడు వంగుతాయి. కంప్యూటర్ ఆన్ అవుతుంది కానీ ఒక వైపు ర్యామ్ కనబడదు. వంగిన పిన్నుకి వారంటీ ఉండదు. అందుకే దుకాణంలోనే సాకెట్ మూత తీయించి ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. అక్కడ ప్రమాదం కూలర్ ఊడదీసేటప్పుడు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసిన పేస్టు ఎండి అతుక్కుపోయి, లాగితే లీవర్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. కాసేపు కంప్యూటర్ నడిపి, వేడెక్కాక ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఏఎండీ పెట్టెలో వచ్చే స్క్రూల కూలర్ పెట్టాలంటే బోర్డు మీదున్న నల్ల ప్లాస్టిక్ కొక్కేలు విప్పాలి. విప్పగానే వెనక లోహపు పలక ఊడి కింద పడుతుంది, దాన్ని చేత్తో పట్టుకోవాలి. ఇంటెల్ కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. ఎదురెదురు మూలలు నొక్కుతూ నాలుగూ టక్కుమనే దాకా చూడాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా ప్రాసెసర్ నిమిషంలో 100 డిగ్రీలు తాకి వేగం తగ్గించేసుకుంటుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ముందు గాజు పలక మూసేసిన క్యాబినెట్ వద్దు. జాలీ ఉన్నది తీసుకుని ముందు ఒక ఫ్యాన్ లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టండి. రంగుల లైట్లకు పెట్టే డబ్బు వీటికి పెట్టడం మేలు.

ఆన్ కాకపోతే కంగారు పడకుండా ముందు బోర్డు పైమూలన ప్రాసెసర్‌కి ఇచ్చే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల పవర్ పెట్టారో లేదో చూడండి. చాలాసార్లు మరిచిపోయేది అదే. ర్యామ్ రెండు కొసలూ దిగాయా చూడండి. డీడీఆర్5 వాడే ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటుంది. ఆ సమయంలో ఆపేసి, మళ్లీ వేసి, 'డెడ్ బోర్డు' అని తిప్పి పంపినవాళ్లు చాలామంది. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిందో అక్కడ వెతకాలి. చవక బోర్డుల్లో ఆ లైట్లూ తగ్గించేస్తున్నారు. అప్పుడు బోర్డు స్పీకర్ పిన్నులకు తగిలించే చిన్న బజర్ కొనుక్కోండి. ర్యామ్ లేకపోతే ఒక రకంగా, గ్రాఫిక్స్ దొరకకపోతే ఇంకో రకంగా మోగి చెబుతుంది.

దుకాణంలో 'విండోస్ ఫ్రీగా వేసిస్తాం' అంటే అది లైసెన్సు లేనిది. దాన్ని యాక్టివేట్ చేసే పనిముట్ల కోసం యాంటీవైరస్‌ని ఆపేస్తారు, మళ్లీ ఆన్ చెయ్యరు. దాని బదులు లినక్స్ మింట్ వేసుకుంటే ఖర్చు లేదు, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు సరిపోతుంది, తెలుగు టైపింగూ అందులోనే ఉంది. విండోస్ కొని వేసుకునేవాళ్లకు బోర్డులో వైఫై లేక, ల్యాన్ డ్రైవర్ లేక విండోస్ 11 నెట్ అడిగిన చోట ఆగిపోవడం మామూలు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలావరకు ముందుకు కదులుతుంది.

వారంటీ సంగతికి వస్తే, 'కంపెనీ వారంటీ ఉందండీ' అన్న మాట కౌంటర్ దాటాక పనికిరాదు. ప్రాసెసర్ పెట్టెతో వస్తే మూడేళ్లు కంపెనీ చూసుకుంటుంది. పెట్టె లేకుండా ట్రేలోంచి తీసి ఇచ్చినదానికి కొన్నవాడి పేరు మీద కంపెనీ బాధ్యత ఉండదు. దిగుమతైన పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అది లేదంటే చాలావరకు గ్రే మార్కెట్ సరుకు, అంటే కంపెనీ అనుమతించిన దిగుమతిదారు ద్వారా రానిది, మన దేశంలో వారంటీ దొరక్కపోవచ్చు. 'బిల్లొద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది' అంటారు. మిగిలేది ఆ రోజే. బోర్డు పోయిన రోజున సీరియల్ నంబర్ ఉన్న బిల్లు లేకపోతే సర్వీస్ సెంటర్ గుమ్మం కూడా ఎక్కలేం. బిల్లు ఉన్నా, ఆ సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటుంది. శ్రీకాకుళం, ఆదిలాబాద్ వాళ్లు కొరియర్ ఖర్చు పెట్టుకుని వారాల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా సెమిస్టర్ అయిపోతుంది. పెద్ద కంపెనీలు ప్రతి జిల్లా కేంద్రంలో తమ డీలర్ దగ్గరే పాడైన భాగాలు తీసుకునే ఏర్పాటు చేస్తే ఈ కష్టం సగం తగ్గుతుంది. అమ్మడానికి ఊరూరా డీలర్లున్నప్పుడు, వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఎందుకుండకూడదు?

తూనికలు కొలతల శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ కలిసి అసెంబుల్డ్ కంప్యూటర్ల బిల్లుకి ఒక నమూనా నిర్ణయించాలి. ప్రాసెసర్ పూర్తి నంబరు, అది కొత్తదా వాడినదా, బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, ర్యామ్ రకం, కడ్డీల సంఖ్య, ఎస్‌ఎంపీఎస్ మోడల్, 12 వోల్టుల ఆంపియర్లు, ప్రతి భాగం సీరియల్ నంబర్ అందులో ఉండాలి. పాత హెచ్61 సెట్లు అమ్మేవాళ్లని ఇది ఆపదు, అమ్మేదేమిటో చెప్పిస్తుంది అంతే. అప్పటిదాకా కొనేవాళ్లే ఈ వివరాలన్నీ బిల్లు మీద పట్టుబట్టి రాయించుకోవాలి. రాయనంటే ఇంకో దుకాణానికి వెళ్లాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పవచ్చు. 2019 చట్టం ప్రకారం కొన్న ఊరికి పోనక్కర లేకుండా తామున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు.

పత్రికకి కూడా ఒక విన్నపం. జిల్లా పేజీల్లో, క్లాసిఫైడ్స్‌లో 'ఐ5 కంప్యూటర్', 'ఐ7 కంప్యూటర్' అని ధర మాత్రమే వేసే ప్రకటనలు వస్తుంటాయి. వాటిని తీసుకునే మీ సిబ్బంది ప్రాసెసర్ పూర్తి నంబరు, కొత్తదో పాతదో అడిగి, అవి ఉంటేనే అచ్చు వేయండి. ప్రకటనలో పెరిగేది ఒక్క పంక్తే.

భవదీయుడు,
కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్పే ఒక పాఠకుడు,
వరంగల్.